వాడిన మ్యాచ్ ఎయిర్ రైఫిల్: ఇంట్లో విప్పుకోవచ్చా, ఆర్మరర్‌కే (తుపాకులు బాగుచేసే మెకానిక్) పంపాలా?

కోటగుమ్మం (విజయనగరం)
అందరికీ నమస్తే. మా చెల్లి డిగ్రీ సెకండియర్, పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది, ఇన్నాళ్లూ క్లబ్ రైఫిల్‌తోనే లాగించింది, ఇప్పుడు సొంతది కావాలంటోంది. కొత్త జర్మనీది రెండు లక్షల పైమాటే, మావల్ల కాదు. వైజాగ్‌లో ఒక సీనియర్ తన పాత పీసీపీ (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో పేలే రైఫిల్) ఇస్తానన్నాడు, రేటు బానే ఉంది గానీ రాత్రి గాలి ప్రెషర్ 200 బార్ పెట్టి వదిలేస్తే పొద్దున్నకి 120కి దిగిపోతోంది, సిలిండర్ గడువు తేదీ కూడా దాటిపోయింది. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేశాను, పానా పట్టుకోవడం కొత్తకాదు. సీల్ కిట్ (గాలి లీకవకుండా వేసే రబ్బరు రింగులు) తెప్పించి ఇంట్లోనే చేసేద్దామని నా ఐడియా. మా నాన్నేమో "నువ్వు తుపాకులు విప్పడం ఏటి, ఎవరైనా చూస్తే ఏటనుకుంటారు" అంటున్నారు. చేసుకోవచ్చా, వొద్దా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
వొద్దు తమ్ముడూ. ఇది జాతరలో బెలూన్లు పేల్చే తుపాకీ కాదు. టార్గెట్‌లో పది చుక్క అర మిల్లీమీటరే, ఫైనల్స్‌లో ఒక షాట్‌కి 10.3 పాయింట్లకీ 10.5కీ మధ్య మెడల్ పోతుంది. ఇంట్లో టేబుల్ మీద విప్పిన రైఫిల్‌ని నమ్ముకుని ఆ పిల్ల స్టేట్ మీట్‌కి వెళ్తుందా? మన ఆమదాలవలస మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చింది, ఆవిడేమైనా బార్‌బెల్ ఇంట్లో వెల్డింగ్ చేసుకుందా? ఆర్మరర్‌కి పంపు, లేదా ఇంకో ఏడాది క్లబ్ రైఫిలే వాడించు.

లేత్ మాస్టారు (నెల్లిమర్ల)
బార్‌బెల్‌కి రబ్బరు ఓ-రింగులుండవు నాయనా, పోలిక కొంచెం చూసుకుని పెట్టు 😄

కోటగుమ్మం బాబూ, లీకు ఎక్కడో తెలీకుండా సీల్ కిట్ కొనేస్తే డబ్బులు దండగ. మ్యాచ్ రైఫిల్ సిలిండర్‌కి దానిదే వాల్వ్ ఉంటుంది, మర తిప్పి ఊడదీస్తే మూసుకుపోతుంది. క్లబ్‌లో అదే కంపెనీది, తేదీ ఉన్న సిలిండర్ ఒకటి అడిగి పట్టుకెళ్లు. గేజీ చూసి రాత్రంతా విడిగా పెట్టు, మర్నాడు రాత్రి రైఫిల్‌కి బిగించి పెట్టు. విడిగా నిలబడి, బిగిస్తే దిగితే లీకు రైఫిల్లో ఉన్నట్టు. ఈ సిలిండర్‌తో రైఫిల్ కూడా బాగానే ఉంటే తప్పు పాత సిలిండర్ వాల్వ్‌ది, దాన్ని ఎలాగూ పారేస్తాం, గొడవే లేదు. ఇంతవరకూ పానా పనే లేదు. రైఫిల్లోనే ఉందని తేలితే సబ్బునీళ్లు బ్రష్‌తో జాయింట్ల దగ్గర రాయి, బుడగ ఎక్కడ లేస్తే అక్కడే. ఎక్కువసార్లు సిలిండర్ బిగించే చోట ఉండే ఓ-రింగే పోతుంది, బిగించి విప్పి బిగించి విప్పి అదే అరిగేది. కుక్కర్ గ్యాస్కెట్ మార్చడం ఎంతో ఇదీ అంతే, దీనికి వైజాగ్, హైదరాబాద్ ఎందుకు?

ఆమదాలవలస షూటర్
మాస్టారూ కుక్కర్ ఒక బార్‌కి పేలితేనే ఇంటి కప్పుకి మచ్చ పడుద్ది, ఇది 200 😅 నాకు అసలు భయం ఆ సిలిండర్ గురించే. దాని ఒంటి మీద తయారీ తేదీ కొట్టి ఉంటుంది, ఎక్కువ కంపెనీలు పదేళ్లే అంటాయి. సిలిండర్‌కి తేదీ ఉండేలా చూసుకునే బాధ్యత షూటర్‌దేనని ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్‌బుక్‌లోనే ఉంది. పైకి నిగనిగలాడుతున్నా లోపల అల్యూమినియం ఎలా ఉందో కంటికి కనపడదు. అది ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది అన్నా. కోటగుమ్మం గారూ, తేదీ దాటినదాన్ని 200కి నింపి రాత్రంతా ఇంట్లో ఎలా పెట్టారండీ?

కోటగుమ్మం (విజయనగరం)
నేను నింపలేదు మేడం, అమ్మే ఆయనే వాళ్లింట్లో నింపి చూపించాడు. కొత్త సిలిండర్ ఖర్చు రేటులోంచి తగ్గించమని అడుగుతాను.

బొబ్బిలి కుర్రోడు
అన్నలూ మధ్యలో వస్తున్నా, గాలి ఎక్కడ నింపిస్తారు, మా ఊళ్లో పంచర్ షాపులో అవుద్దా? వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ 150 ఉంటాది కదా, దాన్నుంచి ఎక్కించుకోవచ్చా?

లేత్ మాస్టారు (నెల్లిమర్ల)
ఓరి నాయనో, ఆక్సిజన్ మాట ఎత్తకు! ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కి కాస్త నూనె, గ్రీజు తగిలితే చాలు అంటుకుంటుంది, రైఫిల్ బాంబైపోద్ది. పంచర్ షాపు కంప్రెసర్ ఎనిమిదో పదో బార్, దాంతో నీ రైఫిల్‌కి దగ్గు కూడా రాదు. స్కూబా ట్యాంకు గానీ, మూడు స్టేజీల చేతి పంపు గానీ. చేతి పంపైతే మన సముద్రపు గాలికి లోపల నీళ్లు చేరతాయి, సిలికా జెల్ ఫిల్టర్ ఉన్నది తీసుకుని, కాసేపు కొట్టి కాసేపు చల్లారనిచ్చి మళ్లీ కొట్టాలి. ఓ-రింగులకి సిలికాన్ గ్రీజే, వేలికి అంటీ అంటనట్టు. మెషీన్ ఆయిల్, డబ్ల్యూడీ-40 గాలి దారిలోకి పోనివ్వకూడదు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
ఓ-రింగు వరకు సరే, ఒప్పుకుంటా. కానీ ఒకసారి విప్పినోడు అక్కడితో ఆగడు, అదీ నా బాధ. రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే ప్రెషర్ అందించేది) కూడా చూద్దాం, ట్రిగర్ కొంచెం తేలిక చేద్దాం అంటాడు. రెగ్యులేటర్ సంగతి లెక్కేసి చెప్తా వినండి. అరగ్రాము పెలెట్ (గుండు) సెకనుకి 172 మీటర్ల స్పీడుతో పోతే పది మీటర్లకి 0.058 సెకను, ఆలోపు పదహారు పదిహేడు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, ఆ లెక్క సైట్‌లో సర్దుకుని ఉంటాం. స్పీడు రెండు మీటర్లు తగ్గిందా, ఇంకో 0.4 మిల్లీమీటర్లు దిగుతుంది. డెసిమల్ (0.1 పాయింటు) గీత పావు మిల్లీమీటరుకొకటి. అంటే పిల్ల తప్పు లేకుండా 0.1 పాయింటు, అప్పుడప్పుడు 0.2 పోతుంది, అదీ ప్రతి షాట్‌కీ కాదు, ఎప్పుడో ఒకసారి, ఎందుకో తెలీదు. రెగ్యులేటర్ సీటు మీద దుమ్ము రేణువు ఉన్నా ప్రెషర్ మెల్లగా పాకుతూ పెరుగుతుంది, కాసేపు ఆగి కొట్టిన మొదటి షాట్ ఒక స్పీడు, తర్వాతవి ఇంకో స్పీడు. ఆ పిల్ల తన హోల్డ్ (రైఫిల్ పట్టు) బాలేదనుకుని ఏడుస్తుంది. ఇంట్లో ఫ్యాను కింద, పక్కన అమ్మ మినప్పిండి జల్లిస్తుంటే రెగ్యులేటర్ విప్పుతారా?

లేత్ మాస్టారు (నెల్లిమర్ల)
లెక్క కరెక్టే, కాదనను. అందుకే క్రోనోగ్రాఫ్ (పెలెట్ స్పీడు కొలిచేది) పెట్టి చూడమంటాను. క్లబ్‌లో ఉంటే అడిగి, వరసగా పది కొట్టి స్పీడు రాసుకో, పది నిమిషాలు ఆగి మళ్లీ కొట్టు. మొదటిది మిగతావాటితో కలిసిపోతే రెగ్యులేటర్ జోలికి పోకు. తేడా వస్తే అది మాత్రం ఆర్మరర్‌కి పంపు, అక్కడ నేనూ చెయ్యి పెట్టను. అంతమాత్రాన బయటి ఓ-రింగు కోసం రైఫిల్‌ని కొరియర్‌లో పడేసి నెలలు నెలలు ఎదురు చూడమంటే ఎలా?

బొబ్బిలి కుర్రోడు
స్ప్రింగ్ గట్టిది వేసి పవర్ పెంచితే ఇంకా స్ట్రెయిట్‌గా పోదా? తోటలో కాకుల్ని, కొంగల్ని కూడా...

ఆమదాలవలస షూటర్
తమ్ముడూ వొగ్గీ. పది మీటర్లకి ఏడెనిమిది జౌళ్ల శక్తి చాలు, పవర్ పెంచితే రైఫిల్ కుదుపు తప్ప గ్రూపు (గుళ్లు పడే చోటు) చిన్నదవదు. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం 20 జౌళ్లు దాటినా, బోరు నాలుగున్నర మిల్లీమీటర్లు దాటినా లైసెన్సు కావాలి. ఇక కొంగలంటావా, టెక్కలి పక్కన తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టుకునే వాటిని ఊరు ఊరంతా కాపాడుతుంటే మనం తుపాకీ ఎత్తుతామా, వన్యప్రాణి చట్టం 1972 నుంచీ ఉంది, కేసు పెడతారు.

కోటగుమ్మం గారూ, అప్‌గ్రేడ్ అంటే చెల్లి ఒంటికి రైఫిల్ సరిపోవడం. చీక్ పీస్ (చెంప ఆన్చేది) ఎత్తు, బట్ ప్లేట్ (భుజానికి ఆనేది) పొడవు, డయాప్టర్‌కి (వెనక సైట్) ఐరిస్ (చూసే రంధ్రం సర్దేది). మెడ వంచకుండా కన్ను తిన్నగా సైట్ దగ్గరికి వచ్చిందా లేదా అన్నదే, దీనికి ఎవరి రిపేరూ అక్కర్లేదు. మొత్తం బరువు ఐదున్నర కిలోలు దాటకూడదు, సైడ్ వెయిట్లు తగిలించే ముందు తూకం వేసుకోండి. పెలెట్లు కూడా 4.49, 4.50 రెండు సైజుల్లో కొన్ని తెచ్చి స్టాండ్ మీద పెట్టి కొట్టి చూడండి, ఒక్కో బ్యారెల్‌కి ఒక్కోటి నచ్చుతుంది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
ఈ అమ్మాయి చెప్పింది ఫ్రేమ్ కట్టించుకోవచ్చు. ట్రిగర్ మాట నేను తప్ప ఎవరూ ఎత్తలేదు, నేనే చెప్తా. ఎయిర్ పిస్టల్‌కి ట్రిగర్ కనీసం 500 గ్రాముల బరువు ఆగాలన్న రూలుంది, రైఫిల్‌కి లేదు, అందుకని కుర్రాళ్లు స్క్రూ తిప్పీ తిప్పీ ఊదితే పేలేలా చేస్తారు. బట్ నేలకి తగిలితే పేలే రైఫిల్‌ని రేంజ్‌లోకి రానివ్వరు, రానివ్వకూడదు కూడా.

కోటగుమ్మం (విజయనగరం)
సరే, ట్రిగర్, రెగ్యులేటర్ ముట్టుకోను. సిలిండర్ కొత్తది, ఖర్చు సగం సగమని ఫోన్లో ఒప్పించాను. పాత సిలిండర్ ఏం చెయ్యాలి, షోకి ఉంచుకోవచ్చా?

లేత్ మాస్టారు (నెల్లిమర్ల)
ఉంచకు, రేపు ఎవడో తెలీక నింపుతాడు. గాలి పూర్తిగా తీసేసి వాల్వ్ ఊడదీశాక నా దగ్గరికి పట్టుకురా, డ్రిల్లుతో బెజ్జం వేసి పారేద్దాం. ఓ-రింగు కూడా అప్పుడే మారుద్దాం. పెలెట్ లేకుండా, సిలిండర్ ఊడదీసి, లోపల మిగిలిన గాలి పోయేదాకా కొట్టి తీసుకురా, గేజీ సున్నా చూపించినా నమ్మకు, ముల్లు ఇరుక్కునే గేజీలు చాలా ఉంటాయి. కొత్త ఓ-రింగుని మర మీంచి నెట్టితే అంచుకి కోసుకుపోద్ది, మర మీద టెఫ్లాన్ టేపు ఒక చుట్టు చుట్టి దాని మీంచి జారించాలి, తర్వాత టేపు తీసెయ్యాలి. జేసీబీ హైడ్రాలిక్ షాపుల్లో ఓ-రింగులు డబ్బాలకొద్దీ ఉంటాయి గానీ సైజు ఒకటే చూసి తెచ్చెయ్యకు, మెత్తదనం, గట్టిదనంలో తేడా ఉంటుంది, కంపెనీ కిట్‌లోదే తే.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
మాస్టారి దగ్గరైతే నాకు అభ్యంతరం లేదు, ఇంట్లో అంటేనే వొద్దన్నాను. క్రోనోగ్రాఫ్ స్పీడులు ఇక్కడ పెట్టు తమ్ముడూ, మొదటి షాట్ తేడా వస్తే మళ్లీ మొదలెడతా గొడవ.