మిషిగన్ సరస్సులో ట్రోలింగ్: తొమ్మిది సార్లు వెళ్తే రెండే చేపలు, నా పొరపాటు ఎక్కడుంది?

కాలువగట్టు (ప్రశ్న)

సభ్యులకు నమస్కారం. నేను కోనసీమ కాలువ గట్ల మీద వెదురు కర్రకు తీగ కట్టి, గాలానికి వానపామును గుచ్చి, బెండు మునిగే క్షణం కోసం పూటలకు పూటలు కూర్చుని పెరిగినవాణ్ణి. ఇప్పుడు మిల్వాకీలో ఉంటూ, మిషిగన్ సరస్సులో సాల్మన్, ట్రౌట్ చేపల కోసం ట్రోలింగ్ నేర్చుకుంటున్నాను. నడిచే పడవ వెనక ఎరలను ఈడ్చుకుంటూ పోయే ఈ పద్ధతిలో నాకు ఇంతవరకు చేతికి వచ్చిన విద్య ఏదీ పనికిరావడం లేదు.

పోయిన శీతాకాలంలో ఒక పాత 19 అడుగుల పడవ కొన్నాను. రెండు డౌన్‌రిగ్గర్లు (కేబుల్ కొసన బరువైన గుండు కట్టి, దాని క్లిప్‌కు ఎర తీగను తగిలించి లోతుకు దించే సాధనాలు) దానికి ముందే బిగించి ఉన్నాయి. జూన్ నుంచి తొమ్మిది సార్లు వెళ్లగా ఒక కోహో సాల్మన్, ఒక లేక్ ట్రౌట్ మాత్రమే దక్కాయి. చుట్టుపక్కల పడవల వాళ్లు చేపలను లాగుతూనే ఉంటారు. నేను జీపీఎస్‌లో గంటకు 2.5 మైళ్ల వేగం చూసుకుని, ఒక డౌన్‌రిగ్గర్ గుండును 40 అడుగులకు, రెండోదాన్ని 70 అడుగులకు దించుతాను. మిత్రుడు తోడుంటే, విస్కాన్సిన్‌లో మనిషికి మూడు తీగలు వేసుకోవచ్చు కనుక, ఆరు కర్రలూ వేస్తాం. గంటలోపే అవి చిక్కుపడతాయి. పది నిమిషాలు చూసి ఏమీ తగలకపోతే ఎర మారుస్తాను.

లోతును ఎలా నిర్ణయించుకోవాలి? ఎరను కిందికి లాగే డిప్సీ డైవర్లు, లోపల సీసం ఉండే లెడ్‌కోర్ తీగలు కొనక తప్పదా? మరొక సంగతి, ఈ చేపలతో పులుసు పెట్టుకోవచ్చా అని మా ఇంట్లో అడుగుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

తూర్పుగాలి

కాలువగట్టు గారూ, నేను రేసీన్ నుంచి చాలా ఏళ్లుగా ఈ సరస్సు మీదికి వెళ్తున్నాను. మీరు రాసినదాంట్లో నాకు మూడు పొరపాట్లు కనబడుతున్నాయి గానీ, వాటిలో పెద్దది ఒక్కటే. మీరు పడవ వేగాన్ని ఎర వేగం అనుకుంటున్నారు.

జీపీఎస్ చూపేది నేలను బట్టి పడవ కదిలే వేగం. మీ ఎర 70 అడుగుల లోతులో ఉంది. అక్కడ నీరు తన దారిన తాను పోతూ ఉంటుంది. పైన గాలి ఒకవైపు, అడుగున ప్రవాహం మరొకవైపు ఉండడం ఈ సరస్సులో మామూలే. లోపలి ప్రవాహానికి ఎదురు పోతే పైన 2.5 కనిపించినా ఎర మూడు మైళ్లకు మించి పరుగెత్తుతూ ఉండవచ్చు, ప్రవాహంతో పాటు పోతే అదే ఎర ప్రాణం లేనట్టు వేలాడుతూ ఉండవచ్చు. ఉత్తరానికి పోయేటప్పుడు చేపలు పడి, తిరిగి దక్షిణానికి వచ్చేటప్పుడు ఒక్కటీ తగలకపోతే చాలామంది చేపల గుంపు దాటిపోయిందనుకుంటారు. ఎక్కువసార్లు గుంపు అక్కడే ఉంటుంది, ఎర వేగం మారిపోయి ఉంటుంది.

గుండు దగ్గరి వేగాన్ని, ఉష్ణోగ్రతను చూపే పరికరాలు ఉన్నాయి, కానీ ఖరీదైనవి. వాటిని కొనకముందు డౌన్‌రిగ్గర్ కేబుల్ వాలును చూడడం నేర్చుకోండి. కేబుల్ ఎప్పుడూ వెనక్కి కొంత వాలే ఉంటుంది, అందుకే మీటరు మీద 70 అని చూపినా గుండు అంతకంటే పైనే ఉంటుంది. ఒక దిశలో వాలు ఎక్కువైతే అడుగున నీరు గుండును గట్టిగా తోస్తోందని అర్థం, అప్పుడు ఇంజన్ వేగం తగ్గించండి. తిరుగు దారిలో వాలు తగ్గితే వేగం పెంచండి. రెండు దిశల్లోనూ కేబుల్ ఒకే తీరున వాలేటట్టు నడపగలిగితే సగం విద్య వచ్చినట్టే.

ఇక లోతు విషయం. వేసవిలో పైనున్న వెచ్చని నీటికి, కిందనున్న చల్లని నీటికి మధ్య ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పొర ఏర్పడుతుంది. దాన్నే థర్మోక్లైన్ అంటారు. చినూక్, కోహో సాల్మన్‌లు సుమారు 54 డిగ్రీల ఫారెన్‌హీట్ నీటిని ఇష్టపడతాయి, స్టీల్‌హెడ్ ట్రౌట్‌లు అంతకంటే కొంచెం వెచ్చని నీటిలో పైన తిరుగుతాయి, లేక్ ట్రౌట్‌లు ఇంకా చల్లగా 50 దరిదాపుల్లో అడుగున ఉంటాయి. నీటి లోపలిని తెర మీద చూపే మీ సోనార్ స్పందన పెంచితే ఆ పొర మసక గీతలా కనబడుతుంది. 40, 70 అని ముందుగా లెక్క కట్టుకుని వెళ్లకండి. ఆ గీతకు కొంచెం పైన ఒకటి, కొంచెం కింద ఒకటి దించండి.

ఆ గీత రోజూ ఒకే లోతులో ఉండదు. మన పడమటి ఒడ్డున రెండు మూడు రోజులు పడమటి గాలో నైరుతి గాలో గట్టిగా వీస్తే వెచ్చని పైనీరు సరస్సు నడిమికి పోతుంది, అడుగు నుంచి చల్లని నీరు ఒడ్డు దగ్గరికి పైకి వస్తుంది. నిన్న 90 అడుగుల కింద ఉన్న చినూక్ ఇవాళ రేవు గోడకు కూతవేటు దూరంలో దొరకవచ్చు. తూర్పు గాలి వీస్తే వెచ్చని నీరంతా మన ఒడ్డుకు చేరి, చల్లని నీరు లోతుకు దిగిపోతుంది. ముందు రోజు గాలి ఎటు వీచిందో చూడకుండా నేను పడవను దించను.

ఎర పది నిమిషాలకొకసారి మార్చడం మానండి. వేగం, లోతు, ఎర మూడూ ఒకేసారి మారుస్తూ పోతే, చేప పడినా ఎందువల్ల పడిందో మీకు తెలియదు. రెండు కర్రలు మాత్రమే వేయండి. ఒక దాంట్లో స్పూన్ (చెంచాలా మెరిసే లోహపు ఎర), రెండో దాంట్లో ఫ్లాషర్ (నీటిలో తిరుగుతూ మెరిసే పలక), దాని వెనక ఫ్లై (కుచ్చులా కట్టిన ఎర). పడవను తిన్నగా కాక నెమ్మదిగా పాములా మెలికలు తిప్పుతూ నడపండి. మలుపులో బయటివైపు ఎర వేగం అందుకుంటుంది, లోపలివైపు ఎర మందగించి కిందికి జారుతుంది. చేప ఏ వైపు ఎరను పట్టిందో చూస్తే ఆ రోజు దానికి ఏ వేగం కావాలో అదే చెబుతుంది. పడిన ప్రతిసారీ గుండు లోతు, దిశ, వేగం, కేబుల్ వాలు ఒక నోటుబుక్కులో రాసుకోండి.

డిప్సీలు వచ్చే ఏడాది కొనవచ్చు. అవి ఎరను లోతుకు, పక్కకు తీసుకుపోతాయి కనుక నాలుగు కర్రలు వేసేటప్పుడు చాలా ఉపయోగం. లెడ్‌కోర్ ఇప్పుడే వద్దు. పది గజాలకొక రంగు మారే ఆ తీగను వంద గజాలు వదిలి, చేప పడ్డాక తిరిగి చుట్టేసరికి కొత్తవాళ్ల భుజాలు పడిపోతాయి.

అవతలి ఒడ్డు

తూర్పుగాలి గారు వేగం గురించి చెప్పిందంతా నిజం. అయితే నేను తూర్పు ఒడ్డున లడింగ్టన్ వైపు ఉంటాను కనుక, గాలి మాట మాకు తలకిందులవుతుందని కూడా చెప్పాలి: మా ఒడ్డుకు చల్లని నీటిని తెచ్చేది తూర్పు, ఉత్తర గాలులు.

నా అభిప్రాయభేదం వేరే చోట ఉంది. అసలు నేర్చుకోవడానికి జూలై, ఆగస్టు నెలల చినూక్‌ను ఎంచుకోవడమే కష్టమైన దారి. చినూక్ తెల్లవారుజామున చీకట్లో ఒక గంట, సాయంత్రం ఒక గంట ఆకలి చూపించి, మిగతా పగలంతా మౌనవ్రతం పట్టే చేప. కొత్తవారు వసంతంలో మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో సరస్సు దక్షిణపు కొసన, ఇండియానా, ఇల్లినాయి తీరాల దగ్గర నీరు ముందుగా వెచ్చబడి కోహోలు ఒడ్డుకు చేరతాయి. అవి పైపై పది పదిహేను అడుగుల నీటిలోనే తిరుగుతాయి కనుక థర్మోక్లైన్ బెడద లేదు, లోతు ప్రవాహాల లెక్కా అంతగా అక్కర్లేదు. నారింజ రంగు చిన్న డాడ్జర్ (ఫ్లాషర్ లాంటి ఊగే పలక), దాని వెనక చిన్న ఫ్లై ఉంటే చాలు. లోతు తక్కువ, చేప బెదురుతుంది కాబట్టి, తీగను ప్లేనర్ బోర్డుతో పడవకు దూరంగా పక్కకు పంపాలి.

వేసవిలోనే నేర్చుకోవాలంటే లేక్ ట్రౌట్ మంచి గురువు. గుండును నేలకు తగిలీ తగలనట్టు దించి, గంటకు మైలున్నర నుంచి రెండు మైళ్ల లోపు వేగంతో, డాడ్జర్ వెనక స్పిన్-ఎన్-గ్లో అనే గిరగిర తిరిగే ఎర కట్టి ఈడ్చండి. గుండు అడుగున తగిలి రేపే బురదకే అవి దగ్గరికి వస్తాయని మా వైపు అందరి నమ్మకం. వీటిని పట్టడం గొప్ప కాదని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు, కానీ గుండు దించడం, క్లిప్‌లో తీగ బిగించడం, కర్రను వంచి పెట్టడం, అది పైకి ఎగిరినప్పుడు కంగారు పడకుండా తీయడం, ఇవన్నీ చేతికి రావాలంటే నిజంగా చేపలు పడాలి కదా.

ఈ సరస్సుకు అసలు బిడ్డ లేక్ ట్రౌటే. సముద్రం నుంచి కాలువల గుండా లోపలికి వచ్చిన లాంప్రే అనే రక్తం పీల్చే జీవి, దానికి తోడు మితిమీరిన వేట, 1950ల నడుమకల్లా ఆ జాతిని ఇక్కడ తుడిచిపెట్టాయి. తినేవాళ్లు లేక ఏల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగింది. 1967లో అవి కుప్పలు కుప్పలుగా చచ్చి తీరాలకు కొట్టుకొచ్చాయి. అలా పెరిగిన ఏల్‌వైఫ్‌ను తినడానికే హోవార్డ్ టానర్ నాయకత్వంలో మిషిగన్ రాష్ట్ర మత్స్య శాఖ పసిఫిక్ తీరపు కోహోను 1966లో, చినూక్‌ను 1967లో ఇక్కడ వదిలింది. ఇదంతా చెప్పడం ఎందుకంటే, చినూక్ బతుకంతా ఏల్‌వైఫ్ మీదే ఆధారపడింది. పక్కనున్న హ్యూరాన్ సరస్సులో 2003–04లో ఏల్‌వైఫ్ కుప్పకూలగానే చినూక్ వేట కూడా కూలిపోయింది. కాబట్టి సోనార్‌లో ముందు వెతకవలసింది పెద్ద చేపను కాదు, చిన్న చేపల మబ్బును.

ఒక హెచ్చరిక. 1967 సెప్టెంబరులో కోహో మోజులో ప్లాట్ బే దగ్గర చిన్న చిన్న పడవల్లో వందల మంది ఉండగా తుఫాను వచ్చి ఏడుగురు మునిగిపోయారు. 19 అడుగుల పడవకు ఇది సరస్సు కాదు, సముద్రమే. తీరప్రాంత వాతావరణ సూచనలో చిన్న పడవలకు హెచ్చరిక ఉంటే బయలుదేరకండి. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. వసంతకాలపు నీటిలో పడితే ఈత వచ్చినవాడికి కూడా చేతులు మొదట మొద్దుబారతాయి. పడవల వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులకు వాడే 16వ ఛానెల్ తెరిచి ఉంచండి.

వంటింటి గుమ్మం

చేపలు పట్టడం గురించి నాకు తెలిసింది తక్కువ. మావారు తెచ్చినవి వండడం నా వంతు కాబట్టి పులుసు ప్రశ్నకు మాత్రం జవాబిస్తాను.

ఈ సరస్సులోని పెద్ద చేపల కొవ్వులో పీసీబీలు అనే రసాయనాలు చేరి ఉంటాయి. అమెరికాలో 1979లోనే వాటి తయారీని నిషేధించినా అడుగు మట్టిలో మిగిలిపోయి, చిన్న చేపల నుంచి పెద్ద చేపలకు ఎక్కుతూ వస్తున్నాయి. చేప ఎంత పెద్దదైతే, ఎంత ముసలిదైతే అంత ఎక్కువ. దశాబ్దాలు బతికే లేక్ ట్రౌట్‌లో ఎక్కువ, మూడేళ్లకే జీవితం ముగించే కోహోలో తక్కువ. ఏ చేప, ఏ పొడవుది, నెలకు ఎన్ని సార్లు తినవచ్చో ప్రతి రాష్ట్రమూ పట్టికలు ప్రచురిస్తుంది. గర్భిణులకు, పిల్లలకు వేరే లెక్క ఉంటుంది.

మన పులుసుతో వచ్చే చిక్కు ఇక్కడే. తల, పొట్ట, తోలు, నూనె తేలే రసం, మనం ఇష్టపడేవన్నీ కొవ్వు ఉండే చోట్లే. పులుసులో ఆ కొవ్వు ఎక్కడికీ పోదు, అన్నంలోకి వచ్చేస్తుంది. కాబట్టి తోలు తీసి, పొట్ట అంచు, వీపు మీది కొవ్వు, పక్కన పొడవునా ఉండే ముదురు రంగు కండ కోసి పారేయండి. నేను ముక్కలకు ఉప్పు, కారం, పసుపు పట్టించి, ఓవెన్‌లో జాలీ మీద పెట్టి కొవ్వు కిందికి కారనిస్తాను. ఆ కారినదాన్ని పారబోసి, విడిగా మరిగించిన చింతపండు పులుసులో ముక్కలు చివర వేసి రెండు నిమిషాల్లో దించేస్తాను. సాల్మన్ ఎలాగూ ఎక్కువ ఉడికితే చెదిరిపోతుంది. పాదరసం, పీఎఫ్‌ఏఎస్ అనే తేలిగ్గా నశించని రసాయనాల వంటివి మాత్రం కండలోనే ఉంటాయి, ఇలా కోస్తే పోవు; వాటికి పట్టికలోని పరిమితి పాటించడం ఒక్కటే మార్గం.

అన్నట్టు, పైన చెప్పిన ఏల్‌వైఫ్ మన పులసకు దూరపు చుట్టం. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీదినట్టే ఈ సాల్మన్‌లు కూడా శరదృతువులో నదులకు ఎదురెక్కుతాయి. అప్పుడు రుచి విషయంలో మాత్రం పోలిక లేదు: ఏటిలోకి ఎక్కి నల్లబడిన చినూక్‌ను మా ఇంట్లో ఎవరూ ముట్టరు.

కాలువగట్టు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఉదయం రెండే కర్రలతో వెళ్లాను. ఉత్తరానికి పోతున్నప్పుడు 2.5 దగ్గర కేబుల్ బాగా వెనక్కి వాలింది, దక్షిణానికి తిరిగితే దాదాపు నిట్టనిలువుగా ఉంది. ఉత్తరానికి 2.1కి తగ్గించి, దక్షిణానికి 2.8కి పెంచితే వాలు ఇంచుమించు సమానమైంది. సోనార్‌లో మసక గీత 60 అడుగుల దగ్గర కనిపించింది. నాలుగు గంటల్లో రెండు కోహోలు, ఒక స్టీల్‌హెడ్ పడవలోకి వచ్చాయి. ఇంకేదో పెద్దది ఫ్లాషర్‌ను పట్టి, తీగను యాభై గజాలు లాగి తెంపుకుని పోయింది. తీగ తెగడం డ్రాగ్ (తీగ జారకుండా రీలు పట్టి ఉంచే బిగింపు) బిగువు వల్లనా, ఫ్లై తీగ సన్నగా ఉండడం వల్లనా?

తూర్పుగాలి

ఎక్కడ తెగిందో చూడండి. ఫ్లాషర్ వెనక తెగితే ఫ్లై తీగ తప్పు. అక్కడ 40 నుంచి 50 పౌన్ల మందం తీగ కట్టండి, అది బిరుసుగా ఉంటేనే ఫ్లాషర్ తిరుగుడు ఫ్లై దాకా అందుతుంది కూడా. ఫ్లాషర్‌కు ముందు తెగితే డ్రాగ్ బిగువు. చినూక్ మొదటి పరుగును ఆపాలని చూడకూడదు. రీలు ఏడవనివ్వండి, పడవ వేగం కొంచెం తగ్గించి, రెండో కర్రను పైకి తీసేయండి. తెగిన కొస నున్నగా కాక గరుకుగా ఉంటే ఈ రెండూ కాదు, తీగ క్లిప్‌లో నలిగి ఉంటుంది. ప్రతి చేప తర్వాత చివరి పది అడుగులు వేళ్లతో తడిమి, గరుకు తగిలితే కోసేయండి.