పి0171 కోడు వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చవలసిందేనా?

ప్రశ్న: నాది 2021లో కొన్న బీఎస్ 6 పెట్రోలు కారు. కొన్నాళ్లుగా చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజను కొద్దిగా వణుకుతోంది. స్కానర్ పెట్టి చూసిన మెకానిక్ పి0171 వచ్చిందని, ఆక్సిజన్ సెన్సర్ పోయిందని, కొత్తది వేయాలని అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: దయచేసి అప్పుడే వేయించకండి. గాలితో పోలిస్తే పెట్రోలు తక్కువగా అందుతున్నట్లు కనబడుతోందని, దాన్ని సరిదిద్దబోయి కంప్యూటర్ తన హద్దు దాకా వెళ్లిందని మాత్రమే ఆ కోడుకు అర్థం. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి ఆ సంగతి కంప్యూటరుకు చేరవేసింది ఆక్సిజన్ సెన్సరే కాబట్టి, చాలా సందర్భాలలో అది తన పని సక్రమంగా చేస్తున్నట్లే లెక్క. సెన్సర్ లోపలి హీటర్ సర్క్యూట్ చెడితే పి0135 వంటి వేరే కోడు వస్తుంది.

ముందుగా కోడును చెరిపివేయవద్దని చెప్పండి, ఎందుకంటే లోపం నమోదైన క్షణంలో ఇంజను వేగం, వేడి, లోడు ఎంత ఉన్నాయో చూపే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కూడా దానితోపాటే పోతాయి. తరువాత ఇంజను బాగా వేడెక్కాక, అదే స్కానర్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంకెలను (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపేవి) రెండుసార్లు చూడాలి: ఒకసారి ఐడిలింగ్‌లో, మరోసారి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంచి. గాలిని మాఫ్ సెన్సర్‌తో కొలిచే బండిలో, రెండు ట్రిమ్‌లూ కలిపి ఐడిలింగ్‌లో 20 శాతం దాటి, వేగం పెంచగానే బాగా తగ్గిపోతే, మాఫ్ దాటిన తరువాత ఎక్కడో లెక్కలోకి రాని గాలి చొరబడుతోందన్నమాట. అందుకు భిన్నంగా, వేగం, లోడు పెరిగేకొద్దీ అంకె కూడా పెరుగుతుంటే పెట్రోలు ప్రెషరును, ఫిల్టరును, మాఫ్ మీద పేరుకున్న మురికిని అనుమానించాలి. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సరుకు ముందు సందు ఉన్నా బయటి గాలి లోపలికి చేరి ఇదే కోడు రావచ్చు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మీరు చెప్పినట్లే చూపించాను. ఐడిలింగ్‌లో మొత్తం 24 శాతం, 2500 దగ్గర 5 శాతం చూపించింది. గొట్టాలన్నీ పైకి బాగానే కనబడుతున్నాయి.

జవాబు: అంకెలు స్పష్టంగా గాలి లీకునే చూపుతున్నాయి. పైకి చూసి వదిలేయకండి. ఇంజను లోపలి ఆవిర్లను వాల్వ్ కవరు నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలిని పంచే భాగానికి) తీసుకెళ్లే పీసీవీ గొట్టాన్ని, ఇంజను చల్లబడ్డాక, వంపు దగ్గర వేళ్లతో వంచి అడుగు భాగం చూడండి. వేడికి గట్టిపడిన రబ్బరులో సన్నటి చీలిక మామూలుగా మూసుకుని ఉండి, వంచినప్పుడే తెరుచుకుంటుంది. అక్కడ లేకపోతే బ్రేక్ బూస్టర్ గొట్టం, మానిఫోల్డ్ గ్యాస్కెట్ చూడాలి. స్మోక్ టెస్ట్ (గాలి దారిలోకి పొగ పంపి, అది ఎక్కడ బయటికొస్తుందో చూడడం) చేసే వర్క్‌షాప్ దొరికితే అదే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. వేడి ఇంజను మీద కార్బ్ క్లీనర్ చల్లి వెతకడం మాత్రం చేయనివ్వకండి, మంట అంటుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు: పీసీవీ గొట్టం వంపు అడుగునే చీలిక ఉంది. కొత్తది వేయించాక ఐడిలింగ్‌లో మొత్తం 3 శాతానికి దిగింది, వణుకు కూడా పోయింది. కానీ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

జవాబు: ఈ లోపం ఉందో లేదో కంప్యూటర్ తనంతట తానే చేసుకునే పరీక్ష వరుసగా మూడు డ్రైవ్ సైకిళ్లలో (బండి స్టార్ట్ చేసి, నడిపి, ఆపడం ఒక సైకిల్) లోపం లేకుండా పూర్తయితే లైటు తనంతట తానే ఆరిపోతుంది. రిపేరు రుజువైంది కనుక ఇప్పుడు స్కానర్‌తో చెరిపించుకున్నా ఇబ్బంది లేదు.

మరొకరి సందేహం: నా బండిలో అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటోంది. ఇలాగే ట్రిమ్‌లు చూసుకుంటే సరిపోతుందా?

జవాబు: మీది వేరే సంగతండీ. లైటు అలా మిణుకుతోందంటే సిలిండరులో మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా మండకపోవడం) తీవ్రంగా ఉందని, మండని పెట్రోలు పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడుచేయగలదని హెచ్చరిక. యాక్సిలరేటర్ వదిలి, వీలైనంత త్వరగా బండిని పక్కన ఆపి, వర్క్‌షాప్‌కు టో చేయించుకుని వెళ్లండి. స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లతో పరీక్ష మొదలుపెట్టమనండి.