అప్‌డేట్: మోం బ్లాం చుట్టూ నడక, గైడ్ అక్కర్లేదు (జూన్‌లో తప్ప)

ఆల్ప్స్‌లోని మోం బ్లాం కొండ చుట్టూ, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా సాగే 170 కిలోమీటర్ల దారికి గైడ్ ఉండాలా, సొంతంగా వెళ్లొచ్చా అని అడిగాను కదా. తేలిందేంటంటే, జులై చివర్నుంచి ఆగస్టు దాకా గైడ్ అక్కర్లేదు. దారంతా గుర్తులే. పసుపు బోర్డుల మీద చాలాచోట్ల దూరం కాదు, నడిచే సమయం రాసుంటుంది. అది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క; భోజనం, ఫొటోలు అందులో లేవు.

జూన్‌లో మాట వేరు. 2,500 మీటర్ల ఎత్తున్న కనుమల మీద పాత మంచు మిగిలే ఉంటుంది, పొద్దున్నే రాయిలా గట్టిపడి, కాలు జారుతుంది. అప్పుడు గైడ్‌కిచ్చే డబ్బు దండగ కాదు.

మీలో కొందరు చెప్పిన సామాను వ్యాను (ఒక బస నుంచి ఇంకో బసకి బ్యాగులు చేరవేసేది) మంచిదే గానీ, క్రువా దు బొనోమ్ లాంటి కొండ బసలకి అది రాదు. ఆ రాత్రికి కావలసినవన్నీ వీపు మీదే: స్లీపింగ్ లైనర్ (లోపల దూరి పడుకునే పల్చటి గుడ్డ సంచి; దుప్పటి వాళ్లిస్తారు, లైనర్ మనదే), చెవుల్లోకి ప్లగ్గులు, నగదు యూరోలు.

ఫ్రాన్స్ వైపు త్రే-ల-షాం అనే ఊరు దాటాక ఇనుప నిచ్చెనలొస్తాయి. ఎత్తంటే భయముంటే కోల్ దె మోంతె కనుమ మీదుగా చుట్టి వెళ్లండి, పైన అదే దారిలో కలుస్తారు.

వీసాకి ఎక్కువ రాత్రులు ఏ దేశంలోనో ఆ దేశానికే దరఖాస్తు. అందుకే ముందు బసలు బుక్ చేయాలి. ఇన్సూరెన్స్‌లో హెలికాప్టర్ రెస్క్యూ, ఎత్తు పరిమితి (ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుందో) రెండూ చూడండి. వీసాకి సరిపోయిన పాలసీ కొండ మీద పనికిరాకపోవచ్చు.