స్టెప్ 7 లైసెన్స్ కీ పోయింది, లైన్ మాత్రం నడుస్తోంది. ఏం చేయాలి?

నైట్‌షిఫ్ట్_ఎలక్ట్రీషియన్:
అందరికీ నమస్తే. మాది జీడిమెట్లలో చిన్న ప్లాంటు. ప్యాకింగ్ లైన్ అంతా 2009లో పెట్టిన సీమెన్స్ ఎస్7-300 పీఎల్‌సీ (మిషన్లను నడిపే కంట్రోలర్) మీదే, సీపీయూ 315. దాని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ స్టెప్ 7 ఉన్నది ఒకే ఒక్క విండోస్ ఎక్స్‌పీ ల్యాప్‌టాప్‌లో. బాగా స్లో అయిందని మొన్న పాత డిస్క్ ఇమేజ్ (మొత్తం డిస్క్ కాపీ) రిస్టోర్ చేశాను, అప్పట్నుంచి స్టెప్ 7 తెరిస్తే లైసెన్స్ లేదంటోంది. ఒక టైమర్ మార్చాలి, మేనేజర్ రోజూ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది. తెలిసినాయన క్రాక్ (లైసెన్స్ లేకుండానే నడిపించే ఫైలు) ఇస్తానంటున్నాడు, వాడొచ్చా?

పాత_ప్యానెల్:
వద్దు తమ్ముడూ. అది లైసెన్స్ దొంగతనమే, పైగా ఎవరో ఇచ్చిన ఫైలు నడిపిన ల్యాప్‌టాప్‌ని తీసుకెళ్లి నడుస్తున్న లైన్‌కి తగిలిస్తావా? కీ మామూలు ఫైలు కాదు, డిస్క్‌లో కనబడకుండా ఉండే ఫోల్డర్‌లో ఆ డిస్క్‌కే ముడిపడి ఉంటుంది, అందుకే ఇమేజ్ రిస్టోర్ చేస్తే చెడిపోతుంది. రిస్టోర్ చేసే ముందే ఆటోమేషన్ లైసెన్స్ మేనేజర్ అనే సీమెన్స్ ప్రోగ్రామ్‌లో కీని యూఎస్‌బీలోకి ట్రాన్స్‌ఫర్ చేసి, పనయ్యాక మళ్లీ వెనక్కి తెచ్చుకోవాల్సింది. ఇప్పుడు నీ పని, కొన్నప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ లైసెన్స్ కాగితం వెతకడం. స్టోర్స్‌లోనో పర్చేజ్ ఫైల్లోనో ఉంటుంది. ఆ నంబరుతో సీమెన్స్ సపోర్ట్‌కి రాస్తే చెడిన కీ సంగతి వాళ్లు చూస్తారు. ఈలోగా 14 రోజుల ట్రయల్ ఇంతకుముందు వాడి ఉండకపోతే దాంతో టైమర్ మార్చేయొచ్చు.

లాడర్_లాజిక్:
కీ సరేనండీ, ఒరిజినల్ ప్రాజెక్ట్ ఉందా? నాకు అసలు భయం అదే. సీపీయూ నుంచి ల్యాప్‌టాప్‌లోకి అప్‌లోడ్ చేస్తే బ్లాకులు (ప్రోగ్రామ్ భాగాలు) వస్తాయి గానీ కామెంట్లు, సింబల్ పేర్లు రావు, ఎం 20.3 అనే మెమరీ బిట్ దేనికో మీరే లైన్ పక్కన నిలబడి కనిపెట్టాలి. నేనలా ఒక ఫిల్లింగ్ మిషన్ మీద మూడు వారాలు కూర్చున్నాను. ఇంకోటి, సీపీయూలో ప్రోగ్రామ్ ఉండే ఎంఎంసీ కార్డుని బ్యాకప్ అని తీసి మామూలు కార్డ్ రీడర్‌లో పెట్టి విండోస్‌తో ఫార్మాట్ చేయకండి, ఆ కార్డు ఇక సీపీయూకి పనికిరాదు. ఎస్7-300 2023 అక్టోబరులో ఫేజ్ అవుట్‌లోకి (ఆపేసే దశలోకి) వెళ్లింది, స్పేర్లు 2033 దాకా అన్నారు, కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్‌తో మీకింకా చాలా ఏళ్లు పనుంది.

నైట్‌షిఫ్ట్_ఎలక్ట్రీషియన్:
అన్నా, కాగితం పర్చేజ్ ఫైల్లో దొరికింది, సపోర్ట్‌కి రాశాను. ట్రయల్ కూడా తెరుచుకుంది. ప్రాజెక్ట్ సీడీ 2011ది, ఆ తర్వాత మార్పులు జరిగాయి. ఈ రాత్రే అప్‌లోడ్ చేసి సీడీలోదాంతో కంపేర్ పెడతాను, తేడా ఉన్న బ్లాకులకి కామెంట్లు నేనే రాసుకుంటాను. టైమర్ ఆ తర్వాతే ముట్టుకుంటా.