ఓపెన్ వెబ్‌యూఐకి ఓలామా కనబడటం లేదు
ఇంట్లోని డెస్క్‌టాప్‌లో (ఉబుంటు 24.04, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డ్ లేదు) ఓలామాను (ఏఐ మోడళ్లను సొంత కంప్యూటర్‌లోనే నడిపే ప్రోగ్రామ్) నేరుగా, ఓపెన్ వెబ్‌యూఐని (ఆ మోడళ్లతో బ్రౌజర్‌లో మాట్లాడే పేజీ) డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను విడి కంటైనర్లలో నడిపే సాధనం) పెట్టాను. టెర్మినల్‌లో మోడల్ జవాబిస్తోంది, నెమ్మదిగానే అయినా. బ్రౌజర్‌లో మాత్రం మోడళ్ల జాబితా ఖాళీ. డాకర్ లాగ్‌లో 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వస్తోంది.

కంటైనర్ నుంచి డెస్క్‌టాప్‌ను చేరేందుకు హోస్ట్-గేట్‌వే ఇచ్చాను. అడ్రస్‌లో లోకల్‌హోస్ట్ తీసేసి హోస్ట్.డాకర్.ఇంటర్నల్:11434 పెట్టాను. ఫైర్‌వాల్ కూడా ఆపి చూశాను. ఓలామా అన్ని అడ్రస్‌ల మీదా వినాలని బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో (టెర్మినల్ సెట్టింగ్‌ల ఫైల్) ఓలామా_హోస్ట్=0.0.0.0 అని రాసి, సర్వీస్ రీస్టార్ట్ చేశాను. అయినా ఏ ప్రోగ్రామ్ ఏ అడ్రస్ మీద వింటోందో చూపే ఎస్‌ఎస్ కమాండ్ ఇంకా 127.0.0.1:11434 (అంటే లోకల్‌హోస్ట్ మాత్రమే) అనే చూపిస్తోంది. చిక్కంతా ఇక్కడే ఉందని నా అనుమానం. రెండు రాత్రులుగా దీని మీదే కూర్చున్నాను. ఇంటి కాగితాలు బయటి సర్వర్లకు పంపడం ఇష్టం లేదు కాబట్టి వదిలేయలేను.

సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) కింద నడిచే ఓలామా ఈ విలువను తీసుకోవాలంటే ఏ ఫైల్‌లో, ఎలా రాయాలి?