పెంపుడు కుక్కకి లైసెన్స్ లేకపోతే జరిమానా వేయాలా?

కేపీహెచ్‌బీ నాన్న: ఢిల్లీ పక్కన నోయిడాలో 2022 నవంబరులో అక్కడి నగర పాలన చూసే అథారిటీ ఒక నిర్ణయం తీసుకుంది. కుక్క ఉన్నా, పిల్లి ఉన్నా రిజిస్టర్ చేయించాలి. పెంపుడు జంతువు ఎవరినైనా గాయపరిస్తే యజమానికి 10,000 రూపాయల జరిమానా, వైద్యం ఖర్చు కూడా వాళ్లదే. మన హైదరాబాద్‌లో కూడా జీహెచ్‌ఎంసీ లైసెన్స్ తీసుకోవాలనే ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో పదకొండు కుక్కలుంటే లైసెన్స్ ఉన్నది రెండిటికి. ఇక్కడా అంత గట్టిగా అమలు చేయాలంటాను. మీరేమంటారు?

బ్రౌనీ అమ్మ: నేను ఒప్పుకోను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని చంపినవి వీధి కుక్కలు. వాటి సంగతి తేల్చకుండా ఇంట్లో ఉండేవాటి వెంట పడటం ఏం న్యాయం? మా బ్రౌనీకి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాను.

కేపీహెచ్‌బీ నాన్న: అదే ఏడాది జనవరిలో బంజారాహిల్స్‌లో డెలివరీకి వెళ్లిన కుర్రాడు కుక్క మీదికొస్తే భయపడి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అది పెంపుడు కుక్కే మేడమ్.

నల్లకుంట77: పిల్లికి లైసెన్స్ ఏంటండీ? పాలు మేం పోస్తాం, పడుకునేది ఎదురింట్లో. ఎవరు తీసుకోవాలి?

కేపీహెచ్‌బీ నాన్న: ఇక్కడ అడుగుతున్నది కుక్కల గురించి.

నల్లకుంట77: నోయిడాలో పిల్లికీ ఉందని మీరే రాశారు. ఎవరు తీసుకోవాలో చెప్పండి.

బ్రౌనీ అమ్మ: లైసెన్స్ వద్దనే మనిషిని కాదు నేను. అందరికంటే ముందు తీసుకున్నాను. తర్వాత మా అసోసియేషన్ వాళ్లు లైసెన్స్ కాపీ అడిగారు, ఇచ్చాను. నెల తిరక్కుండా నోటీసు వచ్చింది: లిఫ్ట్ వాడకూడదు, అద్దెకున్నవాళ్లు కుక్కని పెట్టుకోకూడదు. పెంపుడు జంతువులని నిషేధించే అధికారం అసోసియేషన్‌లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. అది ప్రింట్ తీసి చూపించాను. ఓనరు మాత్రం "గొడవలెందుకమ్మా, ఖాళీ చేయండి" అన్నారు. రెండేళ్లలో మూడిళ్లు మారాను. లైసెన్స్ లేనివాళ్లు అక్కడే హాయిగా ఉన్నారు.

కేపీహెచ్‌బీ నాన్న: మీరు ఇల్లు మారారు. మా పాపని పిక్క మీద కరిచింది. ఏడేళ్ల పిల్ల. ఆ కుక్కకి మెడలో బెల్టుంది, పేరుంది, కింది ఫ్లాట్‌వాళ్లు నాలుగేళ్లుగా అన్నం పెడుతున్నారు. కరిచిన రోజు "మాది కాదు, వీధి కుక్క" అన్నారు! ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగారు: టీకా వేయించిన కుక్కేనా, పది రోజులు కట్టేసి గమనించే వీలుందా అని. నేనేం చెప్పాలి? సాయంత్రానికి కుక్క కనిపించకుండా పోయింది. గాయం చుట్టూ రేబిస్‌ని వెంటనే అడ్డుకునే ఇమ్యూనోగ్లోబ్యులిన్ మందు సూదులు గుచ్చుతుంటే పాప కాళ్లు కదలకుండా పట్టుకున్నది నేనే. మీకేం తెలుసు?

పశువైద్య విద్యార్థి: ఒక్క మాట. టీకా వేసిన పెంపుడు కుక్క కరిచినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా నీళ్లు పోస్తూ కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పది రోజులు కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసులు ఆపవచ్చా అన్నది డాక్టరు చెబుతారు. లైసెన్స్ ఉంది కదా అని ఆగకండి.

బ్రౌనీ అమ్మ: పాప గురించి చదివి చాలా బాధపడ్డాను. కానీ సార్, కరిచాక మాది కాదన్నవాళ్లు లైసెన్స్ తీసుకుంటారా? 10,000 అనేసరికి, ఇవాళ మాదే అని ఒప్పుకుంటున్నవాళ్లు కూడా రేపు గేటు బయట వదిలేస్తారు. మళ్లీ వీధి కుక్కలే పెరుగుతాయి.

కేపీహెచ్‌బీ నాన్న: అందుకే చిప్ ఉండాలి. చెన్నైలో కార్పొరేషన్ లైసెన్స్‌తో పాటు మైక్రోచిప్ కూడా తప్పనిసరి చేసింది. చర్మం కింద నంబరు చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది.

బ్రౌనీ అమ్మ: చిప్‌కి ఒప్పుకుంటాను. నంబరు కార్పొరేషన్ దగ్గరే ఉండాలి. కరిచినప్పుడు తీసి చూడండి, ఖర్చంతా నేనే పెట్టుకుంటాను. ముందే జాబితా అసోసియేషన్ చేతికిస్తే మాత్రం ఒప్పుకోను.

కేపీహెచ్‌బీ నాన్న: కరిచాక తెలిసి నాకేం లాభం? ఏ ఇంట్లో కుక్క ఉందో నాకు ముందే తెలియాలి.

బ్రౌనీ అమ్మ: తెలిస్తే ఏం చేస్తారు? నన్ను ఖాళీ చేయించడం తప్ప?

కేపీహెచ్‌బీ నాన్న: పాప ఇప్పటికీ లిఫ్ట్ ఎక్కదు. తలుపు తెరుచుకుంటే లోపల కుక్క ఉంటుందేమో అని. అయిదో అంతస్తు, రోజూ మెట్లెక్కుతుంది. ఏ ఇంట్లో ఉందో తెలిస్తే కనీసం ఏ అంతస్తు దగ్గర తన చెయ్యి పట్టుకోవాలో నాకు తెలుస్తుంది.