ఆడిన 20 నిమిషాలకే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) సగానికి పడిపోతోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?

బెజవాడ_144: మాది విజయవాడ. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్ (డబ్బాలో వచ్చిన కూలరే), హెచ్610 మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ గ్రాఫిక్స్ కార్డు, డీడీఆర్4 3200 ర్యామ్ 16జీబీ ఒకే స్టిక్కు. ఓపెన్ వరల్డ్ గేముల్లో మొదట 110 వస్తుంది, 20 నిమిషాలు దాటితే 60. మధ్యాహ్నం మరీ ఘోరం, రాత్రిపూట కాస్త నయం. కార్డు మార్చమంటారా అన్నా?

గుంటూరు_రిగ్: ఇప్పుడే కార్డు జోలికి వెళ్లొద్దు తమ్ముడూ. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో జీపీయూ (కార్డులోని చిప్) వాడకం, సీపీయూ (ప్రాసెసర్) క్లాక్ అంటే దాని వేగం, రెండిటి ఉష్ణోగ్రతలు స్క్రీన్ మీద కనపడేలా పెట్టి అరగంట ఆడు. వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ లిమిట్ తీసెయ్, లేకపోతే అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. ఎఫ్‌పీఎస్ పడినప్పుడు జీపీయూ వాడకం 97-99 శాతం ఉంటే భారం కార్డుది. బాగా తగ్గితే కార్డు ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తున్నట్టు.

బెజవాడ_144: జీపీయూ 74 డిగ్రీలు, వాడకం 97 నుంచి 58కి దిగింది. సీపీయూ 100 డిగ్రీలు, క్లాక్ 4.0 నుంచి 2.6 గిగాహెర్ట్జ్.

గుంటూరు_రిగ్: అయితే కార్డు తప్పేం లేదు. 12400ఎఫ్‌కి హద్దే 100 డిగ్రీలు, అక్కడికి చేరితే తనంతట తనే క్లాక్ తగ్గించుకుంటుంది. గదిలో 10 డిగ్రీలు పెరిగితే లోపలా దాదాపు అంతే పెరుగుతుంది, అందుకే మధ్యాహ్నం తేడా. అయినా రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా ఈ చిప్ గేముల్లో 100 కొట్టకూడదు. కూలర్ సరిగా కూర్చోలేదనే నా అనుమానం. దాని నాలుగు కాళ్లలో ఒక్కటి బోర్డులోకి పూర్తిగా దిగకపోయినా ఆ మూల గాలి సందు మిగులుతుంది. కరెంటు పూర్తిగా తీసి, బోర్డు వెనకనుంచి నాలుగు పిన్నులూ సమానంగా బయటికొచ్చాయో లేదో చూడు. రాకపోతే కూలర్ విప్పి, పాత థర్మల్ పేస్టు (చిప్ వేడిని కూలర్‌కి చేరవేసేది) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి, ఎదురెదురు మూలల జత చొప్పున టిక్కుమనేదాకా నొక్కు. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో ఆపి పట్టుకో, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

కృష్ణలంక_పీసీ: కొత్త కూలర్ కొనాల్సి వస్తే మీ ప్రాసెసర్ సాకెట్ ఎల్‌జీఏ1700కి బిగించే కిట్ ఉందో లేదో అడిగి తీసుకోండి. పాత ఎల్‌జీఏ1200 బోర్డుల్లో రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ., మీ ఎల్‌జీఏ1700లో 78. కిట్ లేకుండా బిగదు. కేసు ముందు భాగం మూసిన గాజైతే ఆడేటప్పుడు పక్క ప్యానెల్ తీసి చూడండి. ఉష్ణోగ్రత వెంటనే తగ్గితే గాలి అందట్లేదన్నమాట.

ఇంకోటి, ఆ ఒంటరి ర్యామ్. ఒక స్టిక్కుతో డేటా వేగం 25.6 జీబీ/సె, రెండు పెడితే 51.2. సగటు ఎఫ్‌పీఎస్ కంటే మధ్యలో వచ్చే కుదుపులు ఎక్కువ తగ్గుతాయి. అదే వేగం, అదే సైజుది ఇంకోటి వేసి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో 3200 చూపిస్తోందో లేదో చూసుకోండి.